నన్ను తక్కువ తిప్పండి

నేను తెల్లబంతిని. బెంగళూరు కుందలహళ్ళి గేటు దగ్గర ఓ పూల్ పార్లర్‌లో, తొమ్మిదడుగుల బల్ల మీద నా కాపురం. ఫినాలిక్ రెసిన్ ఒళ్ళు, రెండుంపావు అంగుళాల వ్యాసం, నెత్తి మీద ఎప్పుడూ నీలం చాక్ మరకలు. షిఫ్టు దిగి బ్రూక్‌ఫీల్డ్ పీజీల నుంచి వచ్చే కుర్రాళ్ళలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. సాయంత్రమైతే చాలు, “గట్టిగా కొట్రా మావా!” అని వినబడుతుంది. ఆ ‘గట్టిగా’తోనే నాకు పేచీ. ఆటగాడి శైలి రంగుబంతి పడిన తీరులో కన్నా, అది పడ్డాక నేను తిరిగిన దూరంలో బాగా తెలుస్తుంది. నన్ను తక్కువ తిప్పేవాడే ముదురు.

ఇది ఎయిట్‌బాల్‌లో అంతగా బయటపడదు. ఎనిమిది బంతులు పడేస్తే గేమ్ అయిపోతుంది. స్ట్రెయిట్ పూల్‌లో మాత్రం దాచుకోవడం కుదరదు. ఏ బంతినైనా ఏ పాకెట్‌లోకో ముందే చెప్పి కొట్టొచ్చు, బంతికో పాయింటు. పద్నాలుగు పడ్డాక పదిహేనోదాన్ని ఉన్నచోటే వదిలి, ఆ పద్నాలుగునూ ముందు కొన ఖాళీగా ఉంచి మళ్ళీ ర్యాక్‌లో పేరుస్తారు. మిగిలిన ఆ ఒంటరి బంతిని పడేస్తూనే నేను వెళ్ళి పేర్పును గుద్దుకోవాలి. అందుకని లెక్క చివరి నుంచి మొదలవుతుంది. ర్యాక్ పక్కన జానెడు దూరంలో ఉన్న బంతిని పేర్పు విప్పే ఆ దెబ్బ కోసం, అంటే బ్రేక్ కోసం దాచుకుంటారు. దాని మీదికి నాకు కోణం దొరికే చోట ఇంకో బంతి ఉంటే, అదే ఆఖరి ముందుది. దాన్ని నిటారుగా, నా నడుం కన్నా కొంచెం కింద తాకించి కొడితే అది పాకెట్లోకి, నేను దాని స్థానంలోకి. అక్కణ్ణుంచి అంగుళం కూడా జరగను. చూసేవాళ్ళకు అందులో ఏమీ కనబడదు. చప్పట్లు కొట్టరు.

పేర్పు విప్పడంలో రెండు బాణీలున్నాయి. ఒక్క దెబ్బకు అంతా చెల్లాచెదురు చేసేవాళ్ళు కొందరు, అంచులు తడుముతూ రెండేసి మూడేసి బంతులు విడదీసేవాళ్ళు కొందరు. అమెరికన్ ఇర్వింగ్ క్రేన్ జాగ్రత్తకు మారుపేరు. 1939లో పదడుగుల బల్ల మీద వరసగా 309 పడేశాడు. 1954లో విల్లీ మస్కోనీ 526 కొట్టాడు. అది ఎనిమిదడుగుల బల్ల కదా, ఎవరైనా నన్ను తక్కువే తిప్పుతారు అనొచ్చు. నిజమే, చిన్నబల్ల సాయం చేసింది. కానీ అదే బల్ల మీద బంతులు కిక్కిరిసి ఉంటాయి, దారులు ఇరుకవుతాయి. పైగా పెద్దబల్ల మీద క్రేన్ రుజువు ఉండనే ఉంది. 2019లో జాన్ ష్మిట్ 626 కొట్టింది తొమ్మిదడుగుల బల్ల మీదే.

అసలు చిక్కు ప్రశ్న జేసన్ షా. దూకుడుకు, వేగానికి పేరున్న స్కాట్లాండ్ ఆటగాడు. 2022లో 714 కొట్టాడు. మరి నా వాదన ఏమైనట్టు? 714ని 14తో భాగిస్తే 51. ఇంచుమించు యాభైసార్లు బ్రేక్ బంతి, దానికి తగ్గ చోట నేను, రెండూ కుదరాలి. ఒక్కసారి నేను దారితప్పినా ఆ వరస అక్కడే తెగిపోతుంది. చెయ్యి వేగంగా ఆడడం వేరు, నన్ను ఊరంతా తిప్పడం వేరు.

బెంగళూరుకు ఈ సంగతి కొత్త కాదు. పంకజ్ అద్వానీ పెరిగిన ఊరిది. ఆయన ఎన్నోసార్లు ప్రపంచ టైటిల్ గెలిచిన బిలియర్డ్స్‌లో పెద్ద స్కోర్లు చాలావరకు బంతుల్ని దగ్గర దగ్గరగా ఉంచుకున్న చోటే పుడతాయి. 1932లో లండన్‌లో వాల్టర్ లిండ్రమ్ ఒకే వరసలో 4137 పాయింట్లు అలాగే సాధించాడు. ఆ చిన్న చిన్న తాకిళ్ళకు కళ్ళెం వేయడానికి రూల్సే మార్చాల్సి వచ్చింది. పొదుపు అంత బలమైనదన్నమాట. చూడ్డానికి విసుగు అన్న ఫిర్యాదూ అబద్ధం కాదు, ఒప్పుకుంటాను. అయితే విసుగు చూసేవాడిది, ఓటమి ఆడేవాడిది.

కుందలహళ్ళిలో స్ట్రెయిట్ పూల్ ఎవరూ ఆడకపోవడానికి కారణం మాత్రం శైలి కాదు, గంట లెక్క. బల్లకు గంటకింత అని కట్టి, అద్దెలో సగం ఇచ్చినవాడు కుర్చీలో కూర్చుని అవతలివాడి ఆట చూస్తానంటాడా? అనడు. కాబట్టి జోడీ దొరకని రోజు ఒక్కరే వచ్చి పద్నాలుగు బంతులు ఆడి చూడండి. కొట్టేముందు ఆఖరి మూడు బంతులూ ఏవో అనుకోండి, తర్వాతే క్యూ ఎత్తండి.