అలకపాన్పు ఎక్కిన అల్లుడు

2025 డిసెంబరు 5, శుక్రవారంనాడు, ఢిల్లీలో అల్లుడిగారి అలక తీరింది. ఆ ఒక్కరోజే వెయ్యికి పైగా ఇండిగో విమానాలు ఆగిపోయాయి. జనం సూట్‌కేసుల గుట్టల మధ్య నేలమీద పడుకున్నారు. అది చూసి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ వారికి గుండె కరిగింది. నేల మీద పడుకున్నవాళ్లని చూసి కాదు, పాన్పు మీద పడుకున్నవాడిని చూసి. అడిగిందల్లా ఇచ్చేశారు.

కృష్ణా జిల్లా వాళ్లకి ఈ అలకపాన్పు తంతు గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. పెళ్లికొడుకు గోడవైపు తిరిగి పడుకుంటాడు. మామగారు వంగి, "ఏం కావాలి నాయనా?" అంటాడు. నాయన పలకడు. పక్కనున్న బావగారు "బండి అట" అని అందిస్తాడు. లోపలి గదిలో ఆడవాళ్లు పెట్టె తెరిచి, చిలకలపూడి గిల్టు సరుకు కాకుండా తాకట్టుకి పనికొచ్చే అసలు బంగారం ఏమన్నా మిగిలిందా అని వెతుకుతుంటారు.

విమానాశ్రయం పెళ్లికూతురు, విమాన సంస్థ పెళ్లికొడుకు, సర్కారు మామగారు. ఈ మూడూ గుర్తుపెట్టుకుంటే దేశ పౌర విమానయాన విధానం ఒక్క పూటలో వంటబడుతుంది.

మా గన్నవరం పిల్లనే చూడండి. రెండో ప్రపంచ యుద్ధం నాటి పుట్టుక. 2003 సెప్టెంబరులో ఎయిర్ డెక్కన్ సంబంధం వచ్చింది. హైదరాబాదులో పెళ్లివారు బయల్దేరిన తొలి విమానంలో బీజేపీ నేతలు రాజీవ్ ప్రతాప్ రూడీ, వెంకయ్యనాయుడు కూర్చునుండగానే, రన్‌వే మీద ఇంజనులో మంటలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ ముహూర్తం పెట్టిన సిద్ధాంతి ఎవరో ఇప్పటికీ తెలీదు. 2017లో పిల్లకి అంతర్జాతీయ హోదా వచ్చింది. హోదా వచ్చినంత తేలిగ్గా విదేశీ సంబంధం వస్తుందా? రాలేదు. చివరికి ఖాళీ సీట్ల నష్టం మేం భరిస్తామని రాష్ట్రం ఒప్పుకున్నాక, 2018 డిసెంబరు 4న సింగపూరుకి ఇండిగో ఎగిరింది. దీన్ని వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ అన్నారు. మన వైపు దీన్ని ఏమంటారో 1961 నుంచి పైకి అనకూడదు, చట్టం ఒప్పుకోదు.

2019లో ప్రభుత్వం మారింది. కొత్త మామగారు వాయిదా కట్టనన్నారు. అల్లుడు ఒక్క మాట తూలకుండా పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆరేళ్లకి, 2025 నవంబరు 15న, వచ్చాడు. వారానికి మూడు రోజులుంటానన్నాడు. అదే పదివేలు.

కడప పిల్లది ఇంకో కథ. 2017 ఏప్రిల్ 27న సాక్షాత్తూ ప్రధానమంత్రి జెండా ఊపి ఉడాన్ రాయితీ పథకం కింద పెళ్లి చేశారు. ఆ ట్రూజెట్ అల్లుడు 2022లో తనే దుకాణం కట్టేశాడు. రెండో సంబంధానికి మళ్లీ రాష్ట్రమే పర్సు తీసింది.

మామూలుగా ఇలాంటి అనుభవాల తర్వాత తండ్రన్నవాడు ఆగి ఆలోచిస్తాడు. మన మామగారు ఆగలేదు. కుప్పం, దగదర్తి, ఒంగోలు, తాడేపల్లిగూడెం, తుని, నాగార్జునసాగర్, శ్రీకాకుళం అంటూ జాబితా చదువుతున్నారు. గన్నవరం ఉండగానే ఇవతల అమరావతిలో ఇంకొకటట. అందరికీ ఇళ్లు కట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టి, ఇక పెళ్లికొడుకుల్ని వెతకాలి. మమ్మల్ని మర్చిపోయారని బందరువాళ్లం నొచ్చుకోవడం లేదు. పోర్టుకి 2008లో ఒకసారి, 2019లో ఒకసారి, 2023లో ఒకసారి కొబ్బరికాయ కొట్టించుకున్న ఊరు మాది. విమానాశ్రయానికి శంకుస్థాపన అంటే పందిరి సామాను రెడీగానే ఉంది.

కాపురాల సంగతి అడక్కండి. అడిగినవాడు కాగ్. 2023లో లెక్క తేల్చాడు. ఉడాన్ మూడో విడత దాకా 774 మార్గాలకి తాంబూలాలు పుచ్చుకుంటే, 403 చోట్ల పెళ్లే జరగలేదు. జరిగిన 371లో మూడేళ్ల రాయితీ గడువు పూర్తి చేసినవి 112. సొమ్ము ఆగాక కూడా, 2023 మార్చి నాటికి కాపురం చేస్తున్నవి 54.

పూర్వం వ్యవహారం ఇలా ఉండేది కాదు. విమానం దిగినందుకు ఇంత, రాత్రి నిలబెట్టినందుకు ఇంత అని అల్లుడే విమానాశ్రయానికి కట్టేవాడు. ఇప్పుడు ఆ డబ్బు మీద బతికే రోజులు పోతున్నాయి. పిల్ల తండ్రి వచ్చిన చుట్టాల మీద పడ్డాడు: యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు, పార్కింగు, లోపల కాఫీ. చదివింపులన్నీ ప్రయాణికులవి, మర్యాదలన్నీ అల్లుడివి. ఇది మన ఒక్కరి ఖర్మా కాదు. ఐరోపాలో రయనేర్ అని ఒక పెద్దల్లుడున్నాడు. చార్జీలు పెంచారని 2025లో స్పెయిన్‌లో హెరెస్, వయ్యదోలిద్ విమానాశ్రయాల నుంచి చెయ్యి దులుపుకుని వెళ్లాడు.

అల్లుడి బండికి చమురు కూడా మామగారి దయే. ఉడాన్ ఒప్పందం ప్రకారం ఆ విమానాశ్రయాల్లో ఇంధనం మీద వ్యాట్ 1 శాతం దాటకూడదు. దివిసీమలో దమ్ము చేసే ట్రాక్టరు డీజిల్ మీద 22.25 శాతం, పైన లీటరుకి నాలుగు రూపాయలు, ఆపైన రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ట్రాక్టరు ఎగరదుగా.

ఇంతకీ ఈసారి అలక దేనికి? పైలట్లకి వారానికి 36 గంటలున్న విశ్రాంతి 48 గంటలు చేయమన్నారు. రాత్రి డ్యూటీలో ఆరు ల్యాండింగులు చేయించేవాళ్లు, రెండుకి మించొద్దన్నారు. ఈ నిబంధనలు 2024 జనవరిలోనే బయటికొచ్చాయి. విమాన సంస్థలు మొత్తుకుంటే వాయిదా పడ్డాయి. కోర్టు దాకా వెళ్లాక, ఒక విడత 2025 జులైలో, రెండో విడత నవంబరు 1న అమల్లోకి వచ్చాయి. దాదాపు రెండేళ్లు. మనుషుల్ని తీసుకోవడానికి ఆ రెండేళ్లూ చాలలేదు. దేశంలో ఎగిరే ప్రతి అయిదుగురిలో ముగ్గురికి పైగా తన విమానమే ఎక్కుతున్నప్పుడు, ఊళ్లో ఒక్కడే పెళ్లికొడుకు మిగిలినప్పుడు, కంగారుపడేది ఎవరు? గోడవైపు తిరిగి పడుకుంటే చాలు.

మామగారు వంగారు. రాత్రి నిబంధనల నుంచి 2026 ఫిబ్రవరి 10 దాకా ఇండిగోకి మినహాయింపు. సెలవుని వారపు విశ్రాంతి కింద జమకట్టొద్దన్న ఆదేశం అన్ని సంస్థలకీ వాపసు. మర్నాడు చుట్టాల మీదా దయ కలిగి చార్జీలకి గరిష్ఠ పరిమితి పెట్టారు: 500 కిలోమీటర్ల లోపు 7,500 రూపాయలు. ఉడాన్ మొదలెట్టిన రోజుల్లో గంట ప్రయాణం 2,500కే అన్నారు. హవాయి చెప్పులవాడు విమానమెక్కాలన్నారు. ఎక్కాలంటే ముందు చెప్పులమ్ముకోవాలి.

ఆ వారంలోనే గుడివాడ రోడ్డు మీద వెళ్లుంటే చూసేవారు. సగం రోడ్డు ధాన్యమే. మొంథా తుపాను దెబ్బ తిన్న చేలో మిగిలింది కోసి, బరకాల మీద పోసి, కాలితో తిరగేస్తూ ఆరబెట్టారు. రైతు సేవా కేంద్రంలో తేమ మీటరు 17 శాతం దాటితే తరుగంటారు, లేదా మళ్లీ ఆరబెట్టుకు రమ్మంటారు. ఎవరైనా అక్కడ, "బాబ్బాబు, ఫిబ్రవరి 10 దాకా 19 చేయండి" అని అడిగి చూడండి. నిబంధన నిబంధనే, మా చేతుల్లో ఏం లేదంటారు. ఏటిమొగ దగ్గర పంటు కోసం నిలబడే ఎదురుమొండి దీవి వాళ్లని కూడా, రేవులో అలిగి పడుకుంటే ఏమవుతుందో కనుక్కోండి. పంటు వెళ్లిపోతుంది.

ఇక్కడితో వెటకారం ఆపుతున్నాను, చేత కావడం లేదు. ఇన్నాళ్లూ అల్లుడికి పెట్టింది మన డబ్బు, మన భూమి, మన చమురు పన్ను. దుబారా అనుకుని తిట్టుకున్నాం. ఈసారి పెట్టింది పైలట్ నిద్ర. అది మామగారి సొత్తు కాదు, దానమివ్వడానికి. 2010 మే 22 తెల్లవారుజామున మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం టేబుల్‌టాప్ రన్‌వే దాటి లోయలో పడింది. 158 మంది చచ్చిపోయారు. దారిలో కెప్టెన్ గంటన్నరకి పైగా నిద్రపోయాడని, ఆ మత్తు వదలక నిర్ణయాలు తప్పాయని విచారణ సంఘమే రాసింది. అది చదివిన దేశంలో, అది చదివిన శాఖలో, రాత్రిపూట పైలట్ అలసటని తేదీ వేసి వాయిదా కడతారా? విమానాలు ఆగిపోతే ఆగనివ్వాలి. నష్టపరిహారం ముక్కు పిండి వసూలు చేయాలి. నిబంధన జోలికి వెళ్లకూడదు. ఆ 158 ఇళ్లలో ఏ ఒక్క గుమ్మం ముందైనా నిలబడి, "పైలట్ల నిద్ర సంగతి ఫిబ్రవరి 10 తర్వాత చూద్దాం, సర్దుకోండి" అని చెప్పగలిగేవారా, ఆ ఉత్తర్వు మీద సంతకం పెట్టినవారు?