రసీదు మీద ఎర్ర అంకె

నేను గుప్పిట్లో ఇమిడిపోతాను. ఉక్కు చట్రం, అందులో ఒకే ఇరుసు మీద ఆరు చక్రాలు, ఒక్కో చక్రం అంచున సున్నా నుంచి తొమ్మిది దాకా తిరగేసి చెక్కిన అంకెలు, పక్కన పైకి పొడుచుకొచ్చిన చిన్న మీట. అచ్చు పని చేసేవాళ్లు నన్ను నంబరింగ్ మిషన్ అంటారు. సుల్తాన్ బజార్‌లో, బడీచౌడీ వైపు పోయే ఒక ఇరుకు సందులో ఉన్న పాత ప్రెస్సే నా ఊరు, నా ఇల్లు.

నా పని చూడటానికి చాలా చిన్నది. రసీదు పుస్తకం నల్ల సిరాతో అచ్చయిపోయాక ట్రెడిల్ ప్రెస్సు మీంచి ఆ అక్షరాల ఫారం దించేస్తారు. ఖాళీ చట్రంలో నన్నూ నా జోడీనీ బిగిస్తారు. నేను రసీదు మీద, అది కౌంటర్‌ఫాయిల్ మీద. రోలర్లు మా మీద ఎర్ర సిరా పూసి పోతాయి. కాగితం వచ్చి ఒత్తుకుంటుంది, మీట లోపలికి కుంగుతుంది, అంకె పడుతుంది. కాగితం వెనక్కి జరగ్గానే ఒకట్ల చక్రం ఒక పన్ను తిరుగుతుంది. తొమ్మిది దగ్గర మాత్రం గాడి కాస్త లోతుగా ఉంటుంది. ఆ లోతులో కొక్కెం పడితేనే పక్క చక్రం కదులుతుంది. అక్కడ ఎండిన సిరా పేరుకుందా, పంతొమ్మిది తర్వాత ఇరవై రావాల్సిన చోట మళ్లీ పది పడుతుంది. అందుకే మా కంపోజిటర్ పెద్దాయన సాయంత్రం ప్రెస్సు కట్టేసే ముందు నన్ను కిరసనాయిలులో ముంచి, పాత టూత్‌బ్రష్‌తో గాడి గాడీ రుద్దేవాడు.

“దుకాణం బిల్లుల నంబరు తప్పితే దుకాణపోడు తిడతడు. చందా రసీదుల నంబరు తప్పితే సంఘమే పోతది” అని కుర్రాళ్లకు చెప్పేవాడు. ఒకే అంకెతో రెండు రసీదులు బయటికి పోతే, రెండో రసీదు డబ్బు ఎవరి జేబులోకి పోయిందని అడిగే మనిషి ఎక్కడో ఒకచోట ఉంటాడు. ఆ ప్రశ్నకు జవాబు లేని కార్యదర్శి ఎంత నిజాయితీపరుడైనా తల దించుకోవాల్సిందే.

మా ప్రెస్సుకు అన్నిరకాల పనులూ వచ్చేవి. కిరాణా బిల్లు బుక్కులు, పెళ్లి కార్డులు, నాటకం టికెట్లు. అయినా నాకు ఎక్కువగా పని పెట్టింది చిన్న చిన్న సంఘాలే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కార్యక్రమాలు చేసుకునే సాహితీ సంస్థలు, నారాయణగూడలో అనాథ పిల్లలకు ఫీజులు కట్టే వయోధికుల బృందాలు, అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల కుర్రాళ్ల కోసం చదువుగది నడిపేవాళ్లు, బస్తీల్లో సాయంత్రం బడి పెట్టేవాళ్లు. అందరిదీ ఒకటే బాధ. పని చేసే చేతులున్నాయి, పైసలు లేవు, అడగడం రాదు.

అలాంటివాళ్లు నీరసంగా బల్ల దగ్గర కూర్చుంటే పెద్దాయన ముందు టీ తెప్పించేవాడు. తర్వాత, నాకూ కంఠతా వచ్చిన ఒక చరిత్ర మొదలుపెట్టేవాడు. ఈ బజారు అప్పట్లో రెసిడెన్సీ బజార్. బ్రిటిష్ రెసిడెంటు ఏలుబడిలో ఉండటంతో నిజాం సర్కారు ఆంక్షలు ఇక్కడ నేరుగా పనిచేసేవి కావు. 1933లో ఈ బజార్లు తిరిగి నిజాం ఏలుబడిలోకి వెళ్లాకే ఇది సుల్తాన్ బజార్ అయింది. ఆ రెసిడెన్సీ కాలంలోనే, 1901 సెప్టెంబరు 1న, రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. తెలుగు చదువుకు ఆదరణ కరువైన నగరంలో ఒక తెలుగు గ్రంథాలయం. మునగాల రాజా నాయని వెంకట రంగారావు అండ, రావిచెట్టు వారి ఇల్లు, కొమర్రాజు లక్ష్మణరావు ఆలోచన, వాళ్ల వెనక ఇంకా ఎందరో. రావిచెట్టు రంగారావు గారు కాలం చేశాక ఆయన భార్య లక్ష్మీనరసమ్మ గారు ఇచ్చిన విరాళం సొంత గూటికి ఆసరా అయింది. 1921 నాటికి నిలయానికి సొంత భవనం అమరింది.

“ఆళ్లు ఏమడిగిన్రు? తెలుగుజాతిని ఉద్ధరిస్తం, డబ్బులియ్యున్రి అని అడిగిన్రా? పుస్తకాలు కావాలె, కూసోని చదువుకునే జాగ కావాలె అని అడిగిన్రు. ఇచ్చినోళ్లు పోయి ఆ జాగల కూసోని చూసుకున్నరు” అనేవాడు పెద్దాయన. చిన్న సంస్థలకు చెప్పాల్సినదంతా అందులో ఉందని నా నమ్మకం. ఇచ్చినవాడి కంటికి కనపడేది అడగాలి. అడిగినదే చేసి చూపించాలి.

ఆ గ్రంథాలయానికి అండగా నిలిచిన మాడపాటి హనుమంతరావు గారి మాట కూడా వచ్చేది. 1928లో నారాయణగూడ ప్రాంతానికి ఆడపిల్లల తెలుగు బడిని తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. ఇక్కడ గుర్తింపు దొరక్క ఆ బడి పుణె దగ్గరి కార్వే మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలను ఆశ్రయించాల్సి వచ్చింది. సర్కారు చేయి అందించనప్పుడు ఒక బడి ఊరి మనుషుల నమ్మకం మీదే నిలబడాలి. అప్పుడు ప్రతి తల్లీ ప్రతి తండ్రీ ఆ బడి తరఫున మాట్లాడే మనిషి కావాలి. ఇవాళ దీన్ని ప్రచారం అంటున్నారు. నాకు మాత్రం అది పనిని పదిమందికీ తెలియజెప్పే బాధ్యతగానే కనిపిస్తుంది.

పత్రికా సంపాదకులు సురవరం ప్రతాపరెడ్డి గారి ఉదాహరణ నాకు మరీ ఇష్టం. తెలంగాణలో కవులు లేరన్న మాట వినిపించినప్పుడు ఆయన కోపంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. ఊరూరి నుంచీ కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చేశారు. పేర్లు, ఊళ్లు, లెక్క. వాదన అక్కర్లేకుండా పోయింది. తమ పని గురించి ఎవరైనా అనుమానపడితే చిన్న సంస్థలు చేయాల్సింది ఇదే. విశేషణాలు పక్కనపెట్టి పేర్లూ అంకెలూ ముందు పెట్టాలి.

ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. సాయంత్రం బడి నడిపేది. ఒకరోజు నాలుగు పేజీల విజ్ఞప్తి రాసుకొచ్చింది. “సమాజ సర్వతోముఖాభివృద్ధికి అహర్నిశలూ పాటుపడుతున్న మా సంస్థ” అని మొదలైంది. పెద్దాయన కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివాడు.

“బిడ్డా, అచ్చేయమంటే ఏస్త. గని ఇది చదివినాయనకు నువ్వు ఏం చేస్తున్నవో తెల్వదు. ఎంత కావాల్నో తెల్వదు.”

“మరెట్ల రాయాలె కాకా?”

“నిన్న సాయంత్రం మీ బడిల ఏమైంది? గది చెప్పు.”

ఆమె చెప్పింది. ముప్ఫై మంది పిల్లలు, ఒకటే ట్యూబులైటు. వెనక వరసకు వెలుగు ఆనదు. ఆడపిల్లలను ఇళ్లకు దిగబెట్టే మనిషి లేక ఎనిమిదింటికల్లా బడి మూసేయాల్సి వస్తోంది. ఏడో తరగతి పిల్ల ఒకతి ఇంటికెళ్లి తల్లికి పేపరు చదివి వినిపిస్తోంది. చెబుతుంటే ఆమె గొంతు మారిపోయింది. పెద్దాయన అప్పటికే కంపోజింగ్ స్టిక్కు చేతిలోకి తీసుకున్నాడు. కేసులోంచి అక్షరాలు ఏరుతూ, ఆమె మాటలనే వరసలు కట్టాడు. ట్యూబులైటు, వెనక వరస, పేపరు చదివే పిల్ల. దాని కింద నెల ఖర్చు: గది అద్దె ఇంత, కరెంటు ఇంత, నోటుపుస్తకాలు ఇంత, టీచరమ్మకు ఇంత. ముప్ఫైతో భాగిస్తే ఒక పిల్లకు ఎంతో అది పెద్ద అక్షరాల్లో. చివర ఎవరికి ఇవ్వాలి, ఎక్కడ ఇవ్వాలి, ఎప్పటిలోగా ఇవ్వాలి. నాలుగు పేజీలు ఒక పేజీ అయ్యాయి.

టీచరమ్మ జీతం వరస తీసేద్దామా అని ఆమె నసిగింది. జీతాలకు పోతాయంటే దాతలు ఇవ్వరని ఎవరో చెప్పారట. పెద్దాయన ఒప్పుకోలేదు. బడి అంటే గోడలు కాదు కదా, చదువు చెప్పే మనిషే బడి. ఆ ఖర్చు దాచి ‘ఇతరములు’ అని రాస్తే రేపు లెక్క అడిగినవాడి ముందు ఆ ‘ఇతరములు’ దొంగసొమ్ములా కనిపిస్తుంది. నేనూ ఆయన పక్షమే.

ఆ విజ్ఞప్తితో డబ్బు వచ్చింది. ఆ తర్వాత ఆయన ఆమెతో చేయించిన పని ఇంకా పెద్దది. ఇచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక పోస్టుకార్డు. దాత పేరు తప్పు లేకుండా, రసీదు నంబరుతో సహా. “మీరిచ్చిన డబ్బుతో రెండో లైటు వచ్చింది. వెనక వరస పిల్లలు ఇప్పుడు ముందుకు జరుగుతామని అడగడం లేదు.” అంతే, ఇంకేమీ అడగకుండా. మరుసటి ఏడాది ఆమె రసీదు పుస్తకాలు ఎక్కువ కావాలని వచ్చింది. పాతవాళ్లే మళ్లీ ఇచ్చారు, తమవాళ్ల చేత ఇప్పించారు కూడా. కొత్త దాత కోసం ఊరంతా తిరిగేవాళ్లను చాలామందిని చూశాను. నిరుడు ఇచ్చినాయనకు ఒక్క ముక్క రాయరు. డబ్బు అవసరం పడినప్పుడే గుర్తొస్తే ఏ మనిషికైనా మనసు కష్టంగానే ఉంటుంది.

ఇంకొకరు ఏడుస్తున్న పిల్లవాడి ఫొటో తెచ్చారు, కరపత్రం మీద పెద్దగా వేయమని. ఆ పిల్లవాడు రేపు కాలేజీకి పోతాడు, ఉద్యోగానికి పోతాడు, ఆ కాగితం ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటుంది. ఇప్పుడైతే ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. సాయం పొందినవాళ్ల మర్యాద కూడా సంస్థ చేతిలో పెట్టిన సొమ్మే. దాన్ని ఖర్చుపెట్టే హక్కు ఎవరికీ లేదు. చివరికి ఆ కరపత్రం మీద ఫొటో బదులు పిల్లల చేతిరాత వేశారు. చూడముచ్చటగా ఉంది.

చట్టాలు మారినకొద్దీ నా అంకెకు విలువ పెరిగింది. 2017 నుంచి 2000 రూపాయలు దాటిన నగదు విరాళానికి ఆదాయపన్ను చట్టం 80జి సెక్షన్ కింద దాతకు దొరికే పన్ను మినహాయింపు పోయింది. 2021-22 నుంచి 80జి గుర్తింపు ఉన్న సంస్థలు ఎవరెంత ఇచ్చారో 10బీడీ ఫారంలో ఆదాయపన్ను శాఖకు తెలపాల్సి వచ్చింది, దాతకు 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చింది. దాత పాన్ నంబరు రసీదు రాసేటప్పుడే తీసుకోకపోతే తర్వాత ఇల్లిల్లూ తిరగాలి. అందుకే మా ప్రెస్సులో రసీదు నమూనాలోనే పాన్‌కు ఒక గడి, ‘నగదు, చెక్కు, ఆన్‌లైన్’ అని ఇంకో గడి పెట్టేశారు. పాడైన రసీదును చింపి పారేయొద్దని, ‘రద్దు’ అని రాసి కౌంటర్‌ఫాయిల్‌కే పిన్ను కొట్టమని ప్రతి సంఘానికీ చెబుతారు. వరసలో ఒక్క అంకె కూడా మాయం కాకూడదు.

అమెరికాలో ఉన్న బంధువుల డబ్బు గురించి ఇక్కడ తరచూ వాదన జరుగుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న మనిషి, అక్కడ గ్రీన్ కార్డు ఉన్నా సరే, తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాక పంపితే విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి కావాలి, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. అన్నదమ్ములిద్దరూ ఒకే ఇంట్లో పుట్టినా, పాస్‌పోర్టులు వేరైతే వాళ్లిచ్చే డబ్బు ఒకటి కాదు. పాస్‌పోర్టు సంగతి కనుక్కోకుండా తీసుకుంటే చిన్న సంస్థ పెద్ద చిక్కులో పడుతుంది.

2020 ఫిబ్రవరిలో మా నెత్తిమీదుగా మెట్రో వచ్చింది. చిక్కడపల్లి, నారాయణగూడ, సుల్తాన్ బజార్ వరస స్టేషన్లయ్యాయి. ట్రెడిల్ ఇప్పుడు ఎక్కువగా ఖాళీయే. అచ్చంతా ఆఫ్‌సెట్, రసీదు సగం ఫోన్లోకి పోయింది. కానీ అంకెలు వేయాల్సి వస్తే ఇప్పటికీ నన్ను డబ్బాలోంచి తీస్తారు.

మొన్న ఏప్రిల్‌లో అశోక్ నగర్ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. చదువుగది కోసం రసీదు పుస్తకాలు, గోడకు అంటించడానికి క్యూఆర్ కోడ్ బోర్డు కావాలన్నారు. పెద్దాయన కొడుకు ఇప్పుడు యజమాని. కోడ్‌ను తన ఫోన్‌తో స్కాన్ చేసి చూశాడు. కోశాధికారి సొంత పేరు వచ్చింది.

“తమ్మీ, ఇది మనిషి ఖాతా. సంఘం ఖాతా ఏది?”

“బ్యాంకుల లేటయితుంది అన్నా. అందాక నా ఖాతాలనే తీసుకుందమనుకున్నం. నేను పైస ముట్టను.”

“నువ్వు ముట్టవని నాకు తెలుసు. పైసలేసెటోనికి తెల్వాలె గద. సంఘం పేరు మీద ఖాతా తీయున్రి, ఇద్దరి సంతకాలు పెట్టున్రి. అప్పుడు ఏస్త.”

కుర్రాళ్ల మొహాలు చిన్నబోయాయి. రసీదు పుస్తకాలకు మాత్రం అడ్వాన్సు ఇచ్చి పోయారు. కొన్ని వారాల తర్వాత సంఘం పాస్‌బుక్కు, దానికి కలిపిన కొత్త కోడ్ పట్టుకుని వచ్చారు. ఫోన్లో పడిన ప్రతి విరాళానికీ ఈ రసీదు పుస్తకంలోంచే నంబరు వేసి, ఫొటో తీసి దాతకు పంపాలని కూడా తామే అనుకుని వచ్చారు. కోశాధికారి కుర్రాడు ప్రూఫ్ మీద సంఘం పేరు, రిజిస్ట్రేషన్ నంబరు వేలు పెట్టి రెండుసార్లు చదువుకుని, కింద సంతకం చేశాడు. నా చక్రాలను సున్నాలకు తిప్పి, చివరిదాన్ని ఒకటి దగ్గర ఆపి, జోడీతో కలిపి బిగించారు. పని మొదలైంది.