నల్లతెర నిపుణుడు

నారాయణఖేడ్ దిక్కు మనూర్‌లో జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తుల కొట్టు నడపాలంటే తెలుగు, ఉర్దూ వస్తే చాలదు. బీదర్ దగ్గరే కనుక కన్నడం, మరాఠీ కూడా నాలుగు ముక్కలు రావాలి. ఈ నాలుగు భాషలూ గిరాకీల కోసం. ఐదో భాషను మన నిపుణుడు పెన్‌డ్రైవ్‌ల కోసం దాచుకుంటాడు. ట్రాక్టరులో పాటలు ఆగినా, పెండ్లి ఫొటోలు తెరుచుకోకపోయినా ఆ చిన్న వస్తువు ఆయన చేతికే వస్తుంది. ముందు మౌస్‌ను పక్కకు జరుపుతాడు. సగం వైద్యం ఆ జరపడంలోనే ఉంది. "మౌస్‌తోని అయ్యే పని గాదన్నా" అంటూ నల్లతెర, అంటే కమాండ్ ప్రాంప్ట్, తెరిచి డిస్క్‌పార్ట్, లిస్ట్ డిస్క్, సెలెక్ట్ డిస్క్ 1, క్లీన్ అని వరసగా కొడతాడు. చూసేవాళ్లకు ఆయన మీద గురి కుదిరేది ఇక్కడే. నిజానికి ఆ మాటలు ఎవరైనా ఒక పూటలో నేర్చుకోవచ్చు. అసలు పనితనం ఎంటర్ నొక్కేముందు ఆగి తెరను చదవడంలో ఉంది. దాన్ని మాత్రం ఎవరూ మెచ్చుకోరు, కాబట్టి ఆయనా దానిమీద పెద్దగా శ్రద్ధ పెట్టడు.

ఎందుకు ఆగాలంటే, మౌస్‌తో ఫార్మాట్ చేస్తే కంప్యూటర్ ఒకసారి హెచ్చరిస్తుంది. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ అంటే మారు మాట్లాడకుండా తుడిచేస్తుంది. విండోస్ నడుస్తున్న డిస్కు జోలికి రానివ్వదు, నిజమే. పక్కనే తగిలించిన పెండ్లి వీడియోల హార్డ్‌డిస్కుకు ఆ రక్షణ లేదు. అందుకే లిస్ట్ డిస్క్ పట్టికలో సైజు గడి చూడాలి: 14 జీబీ అని ఉంటే 16 జీబీ పెన్‌డ్రైవ్, 465 అని ఉంటే 500 జీబీ హార్డ్‌డిస్కు. సర్వే నంబరు చూడకుండా ముద్ర కొట్టిన పట్వారీ ఎంత ప్రమాదమో, ఈ గడి చూడని నిపుణుడూ అంతే.

కుడి క్లిక్‌తో పోయే పనికి ఇంత తతంగమా అని చదువుకున్న కుర్రాళ్లు ఎగతాళి చేస్తారు. అన్నిసార్లూ వాళ్ల మాట చెల్లదు. లైనక్స్ ఎక్కించుకున్న 32 జీబీ పెన్‌డ్రైవ్ విండోస్‌లో ఒక్కోసారి చిన్న ముక్కగానే కనిపిస్తుంది. ఆ ముక్కను కుడి క్లిక్‌తో ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా మిగతా జాగా తిరిగి రాదు. ఇంకో సాక్ష్యం ఉంది. ట్రాక్టరు ప్లేయర్లు చాలావరకు ఫ్యాట్32 తప్ప మరొకటి చదవవు. ఆ ఫార్మాట్‌కు విండోస్‌లో 32 జీబీ హద్దు పెట్టింది మైక్రోసాఫ్ట్ ఇంజనీరు డేవ్ ప్లమర్. 1994లో తాత్కాలికమనుకుని పెట్టానని ఆయనే చెప్పాడు. ఆ తాత్కాలికం ముప్ఫై ఏళ్లు నడిచింది. 2024లో ఆ హద్దును 2 టీబీకి పెంచుతున్నామని మైక్రోసాఫ్ట్ ప్రకటించినప్పుడు కూడా మార్పు ఆదేశాల తెరకే దక్కింది, మౌస్ పెట్టెకు దక్కలేదు. మన నిపుణుడికి తెలిస్తే ఈ వార్తకు ఫ్రేము కట్టించుకునేవాడు. పాత విండోస్‌లో 64 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఇదే తెరలో పూర్తిగా ఫార్మాట్ చేయబోతే, చాలాసేపు నడిపి నడిపి చివరన సైజు ఎక్కువైందని చేతులెత్తేసేది. అప్పుడు ఆయన మటుకు "పెన్‌డ్రైవే డూప్లికేటు" అని తీర్పు చెప్పేవాడు.

అసలు పేచీ షార్ట్‌కట్ వైరస్ దగ్గర. ఫైళ్లు మాయమై షార్ట్‌కట్లు మిగిలితే, చాలాసార్లు ఆ ఫైళ్లు ఎక్కడికీ పోవు, దాగి ఉంటాయి. అదే నల్లతెరలో అట్రిబ్ అనే ఆదేశం వాటిని బయటికి తెస్తుంది. కాని అది చప్పుడు లేని పని; "గదంత వైరసే, ఫార్మాట్ కొట్టాలె" అనడంలో ఉన్న దర్జా దానికి రాదు. సరే, కొట్టాడే అనుకుందాం. క్లీన్ తుడిచేది ప్రధానంగా డిస్కు మొదట్లో ఉండే పట్టికను. ఫొటోలు చాలావరకు లోపలే ఉంటాయి, రికవరీ సాఫ్ట్‌వేర్‌కు దొరుకుతాయి. కొత్తగా ఏమీ ఎక్కించకపోతేనే సుమా. మన నిపుణుడు మాత్రం పెన్‌డ్రైవ్ బాగైందని గిరాకీకి నమ్మకం కుదరాలని, అడగకముందే దాని నిండా డీజే పాటలు ఎక్కించి చేతిలో పెడతాడు.