పసుపు కొమ్ము కథ

వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డులో పసుపు కొమ్మును కాడి అంటారు, గుండ్రటి దుంపను గోళ అంటారు. తొమ్మిది నెలలు భూమిలో ఊరి, ఉడికి, ఎండి, డ్రమ్ములో పాలిష్ పట్టించుకుని ఆ యార్డు చేరిన ఒక కాడి కథ ఇది. దానికి జరిగే మొదటి పరీక్ష చేతులతోనే. కొనేవాడు రెండు వేళ్ళ మధ్య పట్టి విరుస్తాడు. టక్కున విరిగి లోపల నారింజ ఛాయ మెరిస్తే బాగా ఎండినట్టు, వంగితే తేమ మిగిలినట్టు. తేమ ఉంటే బూజు పడుతుంది, బూజు నుంచి అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది.

పాలిష్ పట్టేటప్పుడు మెరుపు కోసం లెడ్ క్రోమేట్ పూసే దుర్మార్గం దక్షిణాసియాలో ఉంది. గ్లాసెడు నీళ్ళలో వేస్తే మంచి కొమ్ము రంగు వదలదు, పూత పూసినది వెంటనే వదిలేస్తుంది. సీసం ఎంతుందో తేలాలంటే మాత్రం పొడిని ఆమ్లంలో కరిగించి ప్రయోగశాలలో కొలవాలి. కిలో పసుపులో అది 10 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన దేశపు నిబంధన.

కూరలో పడే కొమ్ముకు ఈ పరీక్షలు చాలు. క్యాప్సూల్‌గా మారే కొమ్ముకు చాలవు. పసుపులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం, శుద్ధి చేసిన సారంలో 95 శాతం. ఒక చెంచా పొడిలో వంద మిల్లీగ్రాములు కూడా ఉండనిది, 500 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌లో 475 ఉంటుంది. దానికి తోడు మిరియాల్లోని పైపరిన్ కలుపుతారు. అది కలిస్తే మనిషి రక్తంలోకి కర్క్యుమిన్ చేరడం 20 రెట్లు పెరుగుతుందని 1998లో బెంగళూరు పరిశోధకులు చూపారు. తాతల నాటి వాడుక వంటింటి మోతాదుకే సాక్ష్యం, ఈ మోతాదుకు కాదు.

అందుకే ఎలుకలపై పరీక్ష. 90 రోజులు గుంపుకో మోతాదు ఇస్తారు, ఒక గుంపుకు అసలు ఇవ్వరు. బరువు, రక్తం చూసి, చివర కాలేయం, మూత్రపిండాల పల్చని ముక్కలను మైక్రోస్కోపు కింద పెడతారు. హాని కనిపించని గరిష్ఠ మోతాదును మామూలుగా 100తో భాగిస్తే మనిషికి హద్దు వస్తుంది. ఆహారపు రంగుగా వాడే కర్క్యుమిన్‌కు అంతర్జాతీయ నిపుణుల సంఘం పెట్టిన హద్దు రోజుకు, శరీర బరువు కిలోకు 3 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 180 అన్నమాట. పైన చెప్పిన క్యాప్సూల్ ఒక్కటే ఆ హద్దు దాటుతుంది.

ఎలుకల్లో కనిపించనిది కొన్నిసార్లు మనుషుల్లో బయటపడుతుంది. 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడిన కొందరికి కాలేయం వాచింది. వెతికితే కల్తీ దొరకలేదు. కాలేయ, పిత్తకోశ జబ్బులున్నవారు వాడవద్దని లేబుల్‌పై రాయమని అక్కడి ప్రభుత్వం ఆదేశించింది. 2023లో ఆస్ట్రేలియా కూడా ఇలాగే హెచ్చరించింది. అమెరికాలో పరిశీలించిన 10 మంది బాధితుల్లో ఏడుగురికి ఒకే జన్యు లక్షణం ఉంది. ఎవరికి ఉందో బయటికి తెలియదు.

పసుపు క్యాప్సూల్ మింగుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా క్యాప్సూల్ ఆపి, ఆ రోజే కాలేయ పరీక్ష చేయించుకోవాలి.