చలికాలం పుస్తకం చదివే తాతగారు

కోదాడలో రెండేళ్ల పిల్లలకు చలికాలం బొమ్మల పుస్తకం చదివి వినిపించే పని ఎక్కువగా రిటైరైన టీచరు తాతల మీద పడుతుంది. పుస్తకం డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో బాబాయి పంపుతాడు. అందులో మోకాలి లోతు మంచు. కోదాడలో డిసెంబరంటే ధనుర్మాసం ముగ్గులు, గొబ్బెమ్మలు, 65వ నంబరు జాతీయ రహదారి మీద పొగమంచులో లైట్లేసుకుని పోయే లారీలు. ఈ రెంటికీ పొత్తు కుదర్చాలి.

తాతగారు ముందు మంకీ క్యాప్ పెట్టుకుంటారు. పిల్లాడికీ పెడతారు, వాడు పీకేస్తాడు. ఆ పైన రచయిత పేరు, అచ్చయిన సంవత్సరం గట్టిగా చదువుతారు. ఈలోగా శ్రోత అట్ట మూల నములుతుంటాడు. పేజీలు కూడా అట్టంత మందం. అయినా వేలు తడి చేసుకోకుండా తిప్పడం ఆయన వల్ల కాదు. 1947లో మొదలైన చందమామ చదివి పెరిగిన వేలు మరి.

పేజీకి ఒకటే వాక్యం ఉంటుంది. తాతగారికి అది ఏ మూలకీ చాలదు. భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం దగ్గర మొదలుపెట్టి, రుతువుల మీదుగా మంచు దాకా వచ్చి, "అర్థమైందా నాన్నా?" అంటారు. "కుక్క" అంటాడు పిల్లాడు. బొమ్మలో ఓ మూల నిజంగానే కుక్క ఉంది. ఆయన అప్పటిదాకా చూడనే లేదు.

అసలు పేచీ 'ది స్నోయీ డే' దగ్గర. ఎజ్రా జాక్ కీట్స్ 1962లో తెచ్చిన ఈ పుస్తకానికి మరుసటేడు కాల్డెకాట్ పతకం వచ్చింది. అందులో పీటర్ అనే పిల్లాడు మంచు ముద్దను రేపటికని జేబులో దాచుకుంటాడు, అది కరిగిపోతుంది. "కరగక ఏమవుతుంది? వాళ్లమ్మ చెప్పొద్దూ!" అని తాతగారు పతకం ఇచ్చినవాళ్ల మీద కూడా విసుక్కుంటారు. రుజువుకు ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్క తీసి మనవడి నిక్కరు జేబులో వేస్తారు. కాసేపటికి పిల్లాడు జేబు తడుముకుని, తాత ముఖం చూసి, "పోయింది" అంటాడు. ఆ పాఠం మొత్తంలో వాడికెక్కింది ఇదే. వంటింట్లోంచి నాయనమ్మ, "ఏమండీ, జలుబు చేస్తే రాత్రంతా ఎత్తుకు తిరిగేది మీరేనా?" అంటుంది. తాతగారు పేజీ తిప్పేస్తారు.

ఇలాంటి పుస్తకాల్లో చలికాలమంతా పడుకునే ఎలుగుబంటంటే ఆయనకు చిన్నచూపు. మధ్యాహ్నం తాను తీసే కునుకు ఆ లెక్కలోకి రాదు.

పుస్తకం అయ్యాక పిల్లాడు "మయ్యీ" అంటాడు. ఈ వయసు పిల్లలు ఒకే పుస్తకాన్ని పదే పదే అడుగుతారు. తర్వాతి బొమ్మ ఏదో ముందే తెలియడం వాళ్లకు సరదా. తాతగారు మాత్రం దాన్ని రివిజన్ అనుకుని మురిసిపోతారు.

బాబాయిలు వచ్చేసారి ఎండాకాలం పుస్తకం పంపితే మంచిది. ఎండల గురించి చెప్పడానికి కోదాడ తాతగారికి బోలెడుంది, ఐసు ముక్క నాయనమ్మే తెచ్చిస్తుంది.