ఉభయపార్శ్వ శ్వాససూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: “సార్, తల ఎత్తొద్దు! బబుల్స్ లోపలే వదలండి. మూడో చేతికి పక్కకి తిరగండి. అటు కూడా సార్, అటు కూడా!”

అవతారిక: ఫ్రీస్టైల్ ఈదుతూ కుడిపక్కనే ఊపిరి తీయడం మరిగిన శిష్యుణ్ణి ఉద్దేశించి, మెడలో విజిల్ ధరించిన ఆచార్యుడు కొలను గట్టు మీద నిలబడి చేసిన ఉపదేశమిది. ఉపదేశ సమయంలో శిష్యుడి చెవులు నీళ్లలో ఉన్నందున సగమే వినబడింది. తక్కిన సగానికే ఈ వ్యాఖ్య అవసరమైంది.

ప్రతిపదార్థం: సార్ = నలభై దాటిన పిమ్మట ఈతకు దిగిన ఓ గృహస్థుడా; తల = మెడపై నుండు అంగమును; ఎత్తొద్దు = గాలి కొరకై ఆకాశము వంక సారింపకుము; బబుల్స్ = ముక్కునుండియు నోటినుండియు వెలువడు బుడగలను; లోపలే = ముఖము నీటనుండగనే; వదలండి = సన్నగా, ఎడతెగక విడువుము; మూడో చేతికి = కుడి, ఎడమ, కుడి యని లెక్కింపగా మూడవదియగు బారకు; తిరగండి = మెడ యొక్కటియే గాక భుజమును నడుమును గూడి దొర్లునట్లు చేయుము; అటు కూడా = నీకు బొత్తిగా గిట్టని ఆ యెడమ దిక్కునకు సైతము.

తాత్పర్యం: మూడు బారలకొకసారి ఊపిరి తీస్తే పక్క దానంతటదే మారుతుంది. ఎవరూ లెక్క రాసుకోనక్కర్లేదు.

“తల ఎత్తొద్దు” అన్నచోట వ్యాఖ్యాతల మధ్య భేదాభిప్రాయం లేదు. తల లేస్తే నడుమూ కాళ్లూ దిగుతాయి. దిగిన కాళ్లను ఈడ్చుకుపోవడానికి మరింత గాలి కావాలి. మరి ఎత్తకుండా గాలి ఎక్కడిది? ముందుకు సాగే తల ఎదుట చిన్న అల లేస్తుంది. దాని వెనక, సరిగ్గా చెంప పక్కన, నీటిమట్టం కొంచెం దిగి గుంట పడుతుంది. నోరు ఆ గుంటలోకి తిప్పితే చాలు. ఒక గాగుల్ నీళ్లలో, ఒకటి పైన ఉండాలని కోచ్‌లు అనేది ఇందుకే. చిక్కేమిటంటే, ఆ గుంట వేగంతో పుడుతుంది. నెమ్మదిగా ఈదే శిష్యుడికి అది చిన్నది గనుక నమ్మకం కుదరదు, తల ఎత్తుతాడు. ఎత్తగానే వేగం పడిపోయి ఆ ఉన్న గుంటా పూడుతుంది. అప్పుడు “చూశారా, అక్కడ గాలి లేదు” అంటాడు. నిజమే, లేదు.

శంక: ఇటొకసారి, అటొకసారి అన్నారు గనుక ఇది నాడీశోధన ప్రాణాయామమే కదా? శిష్యుడికి పొద్దున్నే యోగా క్లాసుకు వెళ్లే అలవాటుంది.

సమాధానం: కాదు. అక్కడ మారేది ముక్కుపుటం, ఇక్కడ మారేది మెడ. ఇక్కడ పూరకం నోటితోనే. ముక్కుతో పూరించబోయిన యోగికి క్లోరిన్ నీళ్లు నేరుగా నుదుటి దాకా ఎక్కి, జ్ఞానోదయం వంటిదేదో కలుగుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఇక్కడ కుంభకం నిషిద్ధం. గాలి బిగబడితే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఊపిరి కోసం దేహం గగ్గోలు పెట్టేది చాలామటుకు దాని వల్లే, ఆక్సిజన్ నిండుకుని కాదు. మూడు బారలు మూడు ఆమడలుగా తోచడానికి కారణం తక్కువ పీల్చడం కాదు, పీల్చింది వదలకపోవడం. లోపల వదలనివాడు ముఖం పైకొచ్చిన ఆ అరక్షణంలోనే రేచకమూ పూరకమూ రెండూ కానివ్వాలని చూస్తాడు. రెండూ కావు, మధ్యలో నీళ్లు దూరతాయి.

ఇక “అటు కూడా”. మెడ పట్టేసిందని కొందరు, అలవాటు లేదని కొందరు సరిపెట్టేశారు. ఈ వ్యాఖ్యాతకది చాలదు. ఎడమకు తిరిగేటప్పుడు ముందుకు చాచి ఉండేది కుడిచెయ్యి. కుడిచేతివాటం మనిషికి ఆ చెయ్యి ఊరికే ఉండడం చేతకాదు. నోరు తిరగకముందే నీళ్లను కిందికి నొక్కేస్తుంది, గోడ పట్టుకుని లేవబోయినట్టు. నీళ్లు గోడ కావు. చెయ్యి జారుతుంది, భుజం దిగుతుంది, గాలి అందాల్సిన వేళకు నోరు మునిగే ఉంటుంది. కుడికి తిరిగినప్పుడు ముందుండే ఎడమచెయ్యి కాస్త సోమరిది గనుక చాచింది చాచినట్టే ఉండి ఒడ్డెక్కిస్తోంది. నేరం చేతిది, నింద ఊపిరిది. పరీక్ష కావాలంటే కుడిచెయ్యి ముందుకు చాచి, ఎడమచెయ్యి తొడకు ఆనించి, ఒరిగి పడుకుని కాళ్లు మాత్రం ఆడించాలి. అక్కడా నోరు మునిగితే బ్రీతింగ్ జోలికి పోనక్కర్లేదు, ముందు ఆ చేతి సంగతి చూడాలి.

పాఠాంతరం: పక్క లేన్ ఆచార్యుడు “రెండో చేతికి” అని చదువుతున్నాడు. ఆ పాఠానికీ పెద్దల ప్రమాణముంది. 2018లో 1500 మీటర్లను 15 నిమిషాల 20.48 సెకన్లలో ఈది మహిళల ప్రపంచ రికార్డు నెలకొల్పిన కేటీ లెడెకీ ఎక్కువగా ఒకే పక్క ఊపిరి తీస్తుంది. దూరం పెరిగేకొద్దీ గాలి అవసరం పెరుగుతుంది. రెండుకొకసారి దక్కేదాన్ని మూడు దాకా వాయిదా వేయడమెందుకు? పోటీలో ఈ పాఠమే గ్రాహ్యం. 50 మీటర్ల పందెంలోనైతే మేటి ఈతగాళ్లలో కొందరు రెండు పాఠాలనూ తోసిపుచ్చి ఊపిరే తీయరు.

అయినా మూలాన్ని దిద్దకూడదు. సముద్రంలో అల ఏ పక్కనుంచి కొట్టాలో ఈతగాణ్ణి అడగదు. 2021లో శ్రీలంక నుంచి పాక్ జలసంధి ఈదిన హైదరాబాదీ గోలి శ్యామల లాంటివారి కోసం పక్కన పడవ సాగుతుంటుంది. అదెటు ఉంటే అటు చూడగలగాలి. కొలనులోనూ ఒకే పక్కకు దొర్లేవాడి ఈత కుంటుతుంది, దారి వంకరపోతుంది, లేన్ తాడు భుజానికి తగులుతుంది.

మూడు బొత్తిగా మింగుడుపడని శిష్యుడికి ప్రయోగాంతరం చెప్పి ముగిస్తాను: వెళ్లేటప్పుడు కుడి, వచ్చేటప్పుడు ఎడమ, రెండేసి బారలకు. ఇలా చేస్తే రెండు దఫాలూ ఒకే గట్టు కనిపిస్తుంది. గడియారం ఉన్న గట్టు ఎంచుకోవాలా, ఆచార్యుడు నిలబడ్డ గట్టా అన్నది శిష్యుడి ఇష్టం. గడియారం అరవదు.