నలుసంత బంగారం గురించి కలెక్టరు గారికి ఒప్పుకోలు

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి సముఖమునకు, ఉప్పాడ కాపురస్తుడు నమస్కరించి రాసుకునే విన్నపం.

అయ్యా,

మా ఇంట్లో ఒక నేరం జరిగింది. ఎవరూ పట్టుకోలేదు, కేసూ లేదు. నా అంతట నేనే చట్టం చదువుకుని ముద్దాయినయ్యాను.

2020 నవంబరులో నివర్ తుపాను దాటాక మా తీరం పొడుగునా జనమే. తుపాను వెలిసి అల వెనక్కి తగ్గిందంటే ఇసుకలో బంగారం దొరుకుతుందని మా ఊరి నమ్మకం. పేపర్లలో పడింది, టీవీల వాళ్ళూ వచ్చారు. మా అమ్మ తెల్లారకుండానే వెళ్ళి, నల్ల ఇసుక తేలిన చోట గొంతుక్కూర్చుని దువ్వెనతో గీకింది. గీకిన ఇసుకని స్టీలు పళ్ళెంలో పోసి, బియ్యంలో రాళ్ళు గాలించినట్టు గాలించింది. పొద్దెక్కేసరికి పళ్ళెం అంచున ఒక నలుసు ఆగింది. నువ్వుగింజకి ఎక్కువ, పెసరగింజకి తక్కువ. కొంగున ముడేస్తే జారిపోతుందని నాలుక కింద పెట్టుకుని ఇంటికొచ్చింది. దారిలో ఎవరు పలకరించినా తల ఊపిందే తప్ప నోరు తెరవలేదు. కంసాలి గీటురాయి మీద గీసి, బంగారమేనని ఎనిమిది వందలు చేతిలో పెట్టాడు. ఆ డబ్బుతో గ్యాసు బండ తెచ్చుకున్నాం.

ఇక చట్టం సంగతి. 1878 నాటి గుప్తనిధుల చట్టం ఇంకా బతికే ఉంది. ధాత కరువులో సీమ జనం గంజి కోసం బారులు తీరిన రోజులవి. అప్పుడే దొరలు తీరిగ్గా కూర్చుని లంకెబిందెల పంపకం రాసుకున్నారు. దాని ప్రకారం మట్టిలో దాగి ఉండి దొరికిన సొమ్ము పది రూపాయలు మించితే, ఏం దొరికింది, ఎంత, ఎక్కడ, ఏనాడు అని కలెక్టరుకి కాగితం మీద రాసివ్వాలి. సొమ్ము ట్రెజరీలో కట్టాలి, లేదా పూచీ చూపించాలి. ఇవ్వకపోతే ఏడాది దాకా జైలు, లేదా జుల్మానా, ఒక్కోసారి రెండూ. వెండి రూపాయల కాలంలో పది రూపాయలంటే ఇంచుమించు అర తులం బంగారం. ఇప్పుడు మా సెంటర్లో ఒక టీ. ఈ లెక్కన ఆ రోజు తీరంలో కూర్చున్నవాళ్ళలో నలుసు దొరికిన ప్రతివాళ్ళూ తమకి అర్జీ పెట్టుకోవాలి. అప్పట్లో మనది తూర్పు గోదావరి, 2022లో కాకినాడ జిల్లా అయింది గనుక, మా అమ్మ ఫైలు ఏ బీరువాలో ఉండాలో అది తమరే తేల్చాలి.

అసలు ఇది నిధేనా అన్నది నా మొదటి అనుమానం. చట్టం భూమిలో దాగినది అంటోంది. మా అమ్మ కూర్చున్న చోటు పొద్దున్న భూమి, మధ్యాహ్నం సముద్రం. ఒకవేళ ఓడ సొమ్మయితే వ్యవహారం వేరు. కాకినాడ అవతలే కోరంగి ఉంది, 1839 తుపానుకి రేవూ ఓడలూ కలిసి కొట్టుకుపోయిన ఊరు. ఓడ శిథిలాలైతే 1958 నాటి నౌకా చట్టం కింద వేరే అధికారికి అప్పగించాల్సి ఉండేది, ఓడ యజమాని ఏడాదిలోగా వచ్చి తనదని రుజువు చేసుకునే వీలుండేది. దాని స్థానంలోకి 2025లో పార్లమెంటు కొత్త చట్టం తెచ్చింది. నలుసు మాత్రం పాతదే.

పెద్ద వస్తువు దొరికితే ఈ తిప్పలేవీ ఉండవు. 2022 మేలో అసానీ తుపానుకి శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి రేవుకి బంగారు రంగు రథం ఒకటి కొట్టుకొచ్చింది. జాలర్లు తాళ్ళు కట్టి ఒడ్డుకి లాగారు. పోలీసులొచ్చారు, ఏ దేశం నుంచి వచ్చిందోనని ఆరాలు తీశారు. ఆ రథానికి ఉన్నది బంగారు రంగు. మా నలుసు అసలు బంగారం. అయినా దాన్ని చూడ్డానికి హోంగార్డయినా రాలేదు.

తవ్వకాలంటే సర్కారుకి పడదనీ అనలేను. 2013లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనబడిందని కేంద్ర పురావస్తు శాఖే పలుగూ పారా పట్టింది. కుండ పెంకుల్లాంటివి దొరికాయి. 2017 డిసెంబరులో కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోటలో, ఊరివాళ్ళు వద్దు మొర్రో అంటున్నా, అధికారుల సమక్షంలోనే నిధి కోసం తవ్వారు. ఎముకలు, ఇటుకలు బయటపడ్డాయి. కలకి అనుమతి దొరికేటట్టయితే మా అత్తగారికీ కలలొస్తాయి. ఆవిడ టన్నుల దాకా పోదు, కాసుల దగ్గరే ఆగుతుంది. రాత్రిపూట గుళ్ళో నంది కింద గొయ్యి తీసేవాడు ఎటూ తమకి నోటీసు ఇవ్వడు. ఇచ్చేది నాలాంటి చదువరి వెధవే.

ఈ చట్టంలో నాకు నచ్చిన సెక్షను ఒకటుంది, ఏడోది. ఆ సొమ్ము ఎవరు దాచారు, ఏ పరిస్థితుల్లో దాచారు అని కలెక్టరు వీలైనంతవరకు విచారించాలి. దాచి నూరేళ్ళు దాటలేదని తోస్తే, దాని పక్కనున్న ఎనిమిదోది ప్రకారం అసలు హక్కుదారుకి కోర్టుకెళ్ళే గడువివ్వాలి. ఆ సెక్షన్ల కిందే మా అమ్మ తరఫున ఈ అర్జీ.

ఉప్పాడలో సముద్రం ఇళ్ళు తింటుంది, గుళ్ళు తింటుంది, కాకినాడ రోడ్డుని ఎన్నిసార్లు తిన్నదో ఇంజనీర్లకే ఎరుక. జియో ట్యూబుల గోడ వేస్తే దాన్నీ చీల్చింది. మా అమ్మ పుట్టిల్లు అలా పోయినదే. ఆ ఇంటి శంకుస్థాపనకి మా అమ్మమ్మ తన ముక్కుపుడక విరిచి సగం గోతిలో వేసిందట. మిగతా సగం మా అమ్మ దగ్గర ఉండేది, నా ఫీజులకి అమ్మింది. పళ్ళెంలో ఆగిన నలుసుకి ఒక పక్క విరిగినట్టు ఉందని ఆవిడ ఇప్పటికీ అంటుంది. కంసాలి కరిగించేశాడు కాబట్టి సాక్ష్యం లేదు.

నోటీసులో దొరికిన స్థలం రాయాలన్నారు గనుక అమ్మని తీరానికి తీసుకెళ్ళి అడిగాను. బంగారం దొరికిన చోటు చూపించమంటే, చెయ్యి చాపి నీళ్ళలోకి చూపించింది. అదిగో, ఆ రెండో అల విరిగే చోట మా వంటిల్లు, అంది. స్థల తనిఖీకి ఎప్పుడొచ్చేదీ ఒక రోజు ముందు కబురు పెట్టిస్తే, పడవ మాట్లాడి ఉంచుతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉప్పాడ కాపురస్తుడు